మున్నార్ నుంచి తెచ్చిన పసుపు పూల కొమ్మలు టమాటా గట్టు మీద నాటొచ్చా?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. మదనపల్లె దగ్గర మూడెకరాల్లో టమాటా వేస్తారు. మున్నార్ వెళ్ళినప్పుడు రోడ్డు పక్కన తలకు మించి పెరిగిన పొదలు, వాటి నిండా పొద్దుతిరుగుడు లాంటి పసుపు పూలు చూసి ముచ్చటపడి ఆరు కొమ్మలు విరుచుకొచ్చారు. అవి ఇప్పుడు ఇంట్లో బకెట్ నీళ్ళలో ఉన్నాయి. ఈలోపు ఎవరో పంపిన వీడియోలో ఇది యూరియాకి బదులుగా పనిచేస్తుందని, ఆకు కషాయం తాగితే షుగర్ తగ్గుతుందని, వేసిన చోట చెదలు రావని విన్నారు. నాన్నగారికి షుగర్ ఉంది కాబట్టి ఆ సంగతి కూడా చెప్పమన్నారు.

ముందు నాన్నగారి విషయం తేల్చేస్తాను, ఎందుకంటే మిగతావి తప్పయితే పోయేది కూలి డబ్బులే. తాగించొద్దు. ఎందుకో కింద చెప్తాను.

మొక్క పేరు టిథోనియా డైవర్సిఫోలియా. పొద్దుతిరుగుడు, చామంతి, మన గట్ల మీది గడ్డి చామంతి, అందరూ తిట్టుకునే వయ్యారిభామ, అరకులో విరగబూసే వలిసెలు, ఇవన్నీ ఏ కుటుంబమో ఇదీ అదే కుటుంబం. దీనికి మన దగ్గర స్థిరపడిన పేరంటూ లేదు, అడవి పొద్దుతిరుగుడు అంటే సరిపోతుంది. సింహళంలో కూడా 'వల్ సూరియకాంత' అనే అంటారు, అర్థం అదే. సొంత ఊరు మెక్సికో, మధ్య అమెరికా. పూల అందం చూసి ఎవరెవరో ఎక్కడెక్కడికో తీసుకెళ్ళారు (మీలాగే, కోప్పడకండి), అలా ఉష్ణమండలమంతా పాకింది. వియత్నాంలో దలాత్ కొండలకి, థాయిలాండ్‌లో మే హాంగ్ సాన్ వైపు కొండలకి నవంబర్‌లో జనం ఈ పూలు చూడ్డానికే పోతారు. మన దేశంలో నీలగిరులు, కొడైకెనాల్, మున్నార్, వాయనాడ్, ఇంకా ఈశాన్య రాష్ట్రాల కొండ రోడ్ల పక్కన మస్తుగా ఉంటుంది.

మీరు పెట్టిన ఫొటోలో పువ్వు మాత్రమే ఉంది కాబట్టి మీరే ఒకసారి సరిచూసుకోండి. పువ్వు కింద కాడ గరాటులా ఉబ్బి ఉంటుంది, నొక్కితే లోపల బోలుగా తెలుస్తుంది. ఆకులు ఒకే చెట్టు మీద రకరకాలుగా, కొన్ని మామూలుగా, కొన్ని మూడు నుంచి ఐదు చీలికలతో ఉంటాయి, 'డైవర్సిఫోలియా' అంటేనే ఆకులు పలు రకాలు అని. ఆకు నలిపి వాసన చూస్తే ఘాటు, నాలుక మీద పెడితే వేపాకు గుర్తొస్తుంది. విత్తనాల ప్యాకెట్లలో అమ్మే ఎర్ర నారింజ రంగు మెక్సికన్ పొద్దుతిరుగుడు వేరు. అది దీని చెల్లెలు, ఒక్క సీజన్‌తో అయిపోతుంది. మీరు తెచ్చింది మాత్రం ఏళ్ళ తరబడి ఉండే పొద, నరికితే మళ్ళీ మొదట్లోంచి పది కొమ్మలు లేస్తుంది.

టిథోనియా అన్న పేరు గ్రీకు కథల్లోని టిథోనస్‌ది. అతని మీద మనసుపడ్డ ఉషాదేవి అతనికి చావు లేకుండా వరం అడిగింది కానీ యవ్వనం అడగడం మర్చిపోయింది, పాపం ముసలివాడై ముడుచుకుపోతూ అలాగే బతికాడు. వరాలు అడగడం రాక చెడిన కథలు మన దగ్గరే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఈ మొక్కకి చావు లేదన్న సగం మాత్రం నిజం, అది మీకే తెలుస్తుంది.

ఇక ఎరువు సంగతి. ఇక్కడ నాకు కొంచెం అనుభవం ఉంది. కెన్యా పశ్చిమాన కకమెగా దగ్గర కూరగాయల సాగు పనిలో తొమ్మిదేళ్ళు ఉన్నాను. అక్కడ ప్రతి 'షాంబా'కి, అంటే మనం చేను అన్నట్టే, హద్దు కంచె ఇదే. లువో వాళ్ళు దీన్ని 'మావువా మకేచ్' అంటారు, చేదు పూలు అని. 1990లలో నైరోబీ కేంద్రంగా ఉన్న ఇక్రాఫ్, అంటే ఆగ్రోఫారెస్ట్రీ పరిశోధన సంస్థ వాళ్ళు, కెన్యా ప్రభుత్వ పరిశోధన కేంద్రాలతో కలిసి మసెనో ప్రాంతంలో దీని మీద చాలా పని చేశారు. అక్కడి నేలల్లో భాస్వరం బాగా తక్కువ, ఒక్కో కుటుంబానికి ఎకరా కూడా లేని చోట్లున్నాయి, ఎరువు కొనే స్తోమత లేదు. కంచెలో ఊరికే పెరుగుతున్న ఆకు పనికొస్తుందా అని చూస్తే లెక్కలు భలే వచ్చాయి.

ఎండిన ఆకులో సుమారు 3.5 శాతం నత్రజని, 0.37 శాతం భాస్వరం, 4 శాతం పొటాషియం. పప్పుజాతి పచ్చిరొట్టలతో పోలిస్తే నత్రజనిలో తీసిపోదు, భాస్వరం వాటికన్నా ఎక్కువే. పైగా మట్టిలో కలిపితే వారం తిరిగేసరికి సగం కుళ్ళిపోతుంది, కానుగ రొట్టలాగా ఈనెలు మిగలవు. మీరు చూసిన వీడియో వాళ్ళు ఇక్కడి దాకా చదివి కెమెరా ఆన్ చేసి ఉంటారు.

కానీ అది శాతం లెక్క, అదీ ఎండిన ఆకుది. పచ్చి ఆకులో ఐదింట నాలుగు వంతులు నీళ్ళే. ఆ ప్రయోగాల్లో వాడిన మోతాదు హెక్టారుకి 5 టన్నుల ఎండు బరువు, అంటే ఎకరాకి 2 టన్నులు. పచ్చి ఆకుగా చూస్తే 10 టన్నులు. ఈ 10 టన్నులు వేస్తే 70 కిలోల నత్రజని వస్తుంది, అంటే 45 కిలోల యూరియా బస్తాలు మూడున్నర. బస్తా 266 రూపాయల 50 పైసలు, మొత్తం తొమ్మిది వందల చిల్లర. పొటాష్ మాత్రం గట్టిగా వస్తుంది, 50 కిలోల ఎంఓపీ బస్తాలు మూడుకి పైనే. భాస్వరం చూస్తే ఒక డీఏపీ బస్తాలో ఉన్నంత కూడా రాదు.

సరే, ఆ 10 టన్నులు ఎవరు కోస్తారు? ఎవరు మోస్తారు? మాకు అక్కడ పంగా అనే పెద్ద కత్తితో కోసి, ఆడవాళ్ళు మోపులు కట్టి నెత్తిన పెట్టుకొచ్చేవాళ్ళు. ఒక మనిషి కోసి, లేత కొమ్మలు వేరు చేసి, మోసుకొచ్చి, నరికి మట్టిలో కలపాలంటే రోజుకి మూడు క్వింటాళ్ళు దాటితే గొప్ప. ఆ లెక్కన ఎకరాకి ముప్పై మందికి పైగా కూలీలు. మీ దగ్గర కూలి ఎంతో మీకు తెలుసు, నేను గుణించి చూపించక్కర్లేదు.

నేను మొదటి ఏడాది ఈ లెక్క వేసుకోకుండానే ఒక ఎకరా మొక్కజొన్నకి మొత్తం దీన్నే వేయించాను. కాగితం మీద శాతాలు చూసి మురిసిపోయిన వయసు. పంట బాగానే వచ్చింది, అబద్ధమెందుకు, ఆకులు నల్లగా నిగనిగలాడాయి. అమ్మి చూసుకుంటే కూలి డబ్బులు కూడా రాలేదు. పక్క షాంబా పెద్దావిడ మాత్రం తన ఇంటి వెనక గది అంత చోట 'సుకుమా వీకీ' అనే ఆకుకూర వేసుకుని, దానికి మాత్రం వారం వారం కాస్త ఆకు కోసి వేసేది. ఆ పేరుకి వారం నెట్టుకు రావడం అని అర్థం. సంతలో ఆవిడ కట్టలే ముందు అమ్ముడుపోయేవి. పరిశోధకులు కూడా చివరికి అదే చెప్పారు, మొక్కజొన్నకి గిట్టుబాటు కాదు, టమాటా, ఆకుకూరల్లాంటి ఖరీదైన పంటకి, చిన్న మడికి అయితే గిట్టుబాటవుతుంది అని. ఆవిడకి ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఇంకో సంగతి, ఇది చాలామంది పప్పులో కాలేసే చోటు. ఇది జీలుగ, జనుము, పిల్లిపెసర, గ్లైరిసిడియా లాంటిది కాదు. వాటి వేళ్ళ బుడిపెల్లో గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చే బ్యాక్టీరియా ఉంటుంది. టిథోనియాకి బుడిపెలు లేవు. దాని ఆకులో ఉన్నదంతా అది నిలబడ్డ నేలలోంచి లాగిందే. అంటే గట్టు మీది సారాన్ని తెచ్చి మడిలో పోస్తున్నారు, అంతే. రోడ్డు పక్కన, వాగు గట్టున, ఎవరికీ పట్టని చోట ఊరికే ఉన్న సారమైతే అది మంచి బేరమే. మీ సొంత చేను గట్టే అయితే ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో వేసుకోవడం, పైగా గట్టు పక్క రెండు సాళ్ళ టమాటా సన్నబడి మిమ్మల్ని తిట్టుకుంటుంది. మన వాళ్ళు వరి మళ్ళలో జిల్లేడు తొక్కేవాళ్ళు గుర్తుందా? అదీ పప్పుజాతి కాదు, బీడులోంచి తెచ్చి మడిలో తొక్కడమే. దీన్ని ఆ జిల్లేడు పద్దులో రాసుకోండి, జీలుగ పద్దులో కాదు.

మీ మూడెకరాలకి లెక్కేద్దాం. చతురస్రంగా ఉందనుకుంటే చుట్టూ గట్టు 440 మీటర్లు. మూడెకరాలకి 30 టన్నులు కావాలంటే మీటరుకి దాదాపు 70 కిలోల ఆకు రావాలి, ఒక్క పంటకి. రాదు. మున్నార్ వర్షంలో కూడా రాదు, మదనపల్లె ఎండల్లో సంగతి చెప్పక్కర్లేదు. అదే పది సెంట్ల కూరగాయల మడికయితే టన్ను ఆకు చాలు, మీటరుకి రెండుంపావు కిలోలు. అది వస్తుంది, హాయిగా వస్తుంది. సెంటుకి క్వింటా అని గుర్తుపెట్టుకోండి, మిగతా లెక్క దానంతటదే వచ్చేస్తుంది.

అందుకే నా సలహా, మూడెకరాల టమాటాకి పొలంలోనే జీలుగో జనుమో చల్లి, అవి పూతకి రాకముందే కలియదున్నండి, కోత లేదు, మోత లేదు. ఇంటి అవసరానికి వేసే వంగ, తోటకూర, నాలుగు సాళ్ళ టమాటా ఉంటాయి కదా, టిథోనియాని దానికి ఉంచుకోండి.

వాడే తీరు: లేత కొమ్మలు, ఆకులు మాత్రమే. ముదురు కాండం వేస్తే త్వరగా కుళ్ళదు, సరికదా కుళ్ళే క్రమంలో మట్టిలో ఉన్న నత్రజనిని అదే తినేస్తుంది. ముదురు కాండాలు ఎండబెడితే పొయ్యిలోకి బాగుంటాయి, అక్కడ వంటచెరుకు అదే. ఆకుని కత్తితో బెత్తెడు ముక్కలుగా నరికి, తడి ఉన్న మట్టిలో కలిపి, వారం పది రోజులాగి నారు నాటండి. నెల ముందు కలిపితే లాభం లేదు, త్వరగా కుళ్ళుతుంది కాబట్టి వచ్చిన నత్రజని వానకి కిందికి దిగిపోతుంది. మట్టిపైన ఊరికే పరిస్తే ఎండకి సగం సత్తువ పోతుంది. నేల పరీక్షలో భాస్వరం తక్కువని వచ్చి ఉంటే ఇది ఒక్కటే చాలదు, సూపర్ ఫాస్ఫేట్ కొంచెం కలపాల్సిందే. కెన్యాలో కూడా టాంజానియా నుంచి వచ్చే మింజింగు రాక్ ఫాస్ఫేట్‌తో కలిపి వాడినప్పుడు ఫలితం బాగుండేది. డ్రమ్ములో సగానికి ఆకు కుక్కి నీళ్ళు పోసి పది రోజులు నానబెట్టి ఆ నీళ్ళు పలుచన చేసి మొదళ్ళలో పోసే పద్ధతి కూడా ఉంది. పనిచేస్తుంది. కంపు మాత్రం ఇంటికి దూరంగా పెట్టుకోవాల్సినంత ఉంటుంది, మా ఆవిడ ఆ డ్రమ్ము చూపిస్తే ఇప్పటికీ ముక్కు మూసుకుంటుంది.

మేకలు, ఆవులు తింటాయా అని ఇంకొకరు కింద కామెంట్లలో అడిగారు. తింటాయి, కానీ మొదట్లో చేదుకి మొహం తిప్పుకుంటాయి, అలవాటు చెయ్యాలి. కొలంబియాలో దీన్ని 'బొతోన్ దె ఒరో', అంటే బంగారు గుండీ, అని పిలుస్తూ పచ్చిక బీళ్ళలో వరుసలుగా నాటి పాడి పశువులకి మేపుతారు, మాంసకృత్తులు బాగా ఉంటాయి. అది కూడా మామూలు గడ్డితో పాటు కొంత, అచ్చంగా ఇదే కాదు. పూతకి వచ్చాక ఆకు ఇంకా చేదెక్కుతుంది. తేనెటీగలకి పూలంటే మాత్రం పండగే.

చెదల సంగతి. ఆకులోని చేదుకి కారణం టాజిటినిన్ లాంటి పదార్థాలు, వాటికి కొన్ని పురుగులు ఆకు తినకుండా ఆపే గుణం ఉందని తేలింది. కెన్యాలో రైతులు గుంటల్లో ఈ ఆకు వేసి మొక్క నాటడం చూశాను, నేనూ వేశాను. ఆకు కుళ్ళేదాకా కొంచెం పనిచేసినట్టే అనిపించింది, ఆ తర్వాత చెదలు మామూలే. మామిడి మొక్కలు కాపాడుకోవాలంటే దీని మీద భరోసా పెట్టుకోవద్దు.

అదే చేదు పదార్థాల వల్లే నాన్నగారికి వద్దన్నాను. దీన్ని మలేరియా జ్వరానికి ఆఫ్రికాలో కాచి తాగేవాళ్ళున్నారు, తైవాన్‌లో ఆకు టీగా అమ్ముతారు, షుగర్ ఉన్న ఎలుకల మీద జపాన్‌లో చేసిన ప్రయోగంలో రక్తంలో చక్కెర తగ్గిన మాట కూడా నిజమే. వీడియోల్లో అక్కడ ఆపేస్తారు. నైజీరియాలో ఇదే మొక్క సారాన్ని ఎలుకలకి ఇచ్చి చూస్తే మూత్రపిండాలు, కాలేయం దెబ్బతిన్నాయి. షుగర్ ఉన్న మనిషికి అసలే మూత్రపిండాల భయం ఉంటుంది. మందులు వేసుకుంటూ పక్కన ఇది కూడా తాగితే షుగర్ ఎంత పడిపోతుందో కూడా చెప్పలేం. డాక్టరు రాసినవి మానకుండా వేసుకోమనండి, దీని జోలికి మాత్రం పోనివ్వకండి. ఇంకోటి, మీ ఇంట్లో గానీ కూలీల్లో గానీ వయ్యారిభామ తగిలితే దద్దుర్లు వచ్చేవాళ్ళుంటే వాళ్ళ చేత ఇది కోయించకండి. రెండూ ఒకే కుటుంబం, ఒకే తరహా రసాయనాలు, దానికి పడని ఒంటికి ఇదీ పడకపోవచ్చు. చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా ఉంటే మంచిది.

ఇప్పుడు నాటొచ్చా లేదా అన్న అసలు ప్రశ్న. నాకు నాటమని చెప్పాలని ఉంది, ఎందుకంటే ఈ పొదంటే నాకు ఇష్టం. కానీ నా వల్ల జరిగిన ఒక పని చెప్తాను. నాలుగో ఏడాదో ఐదో ఏడాదో ఇండియాకి సెలవు మీద వచ్చి రెండు నెలలు ఎక్కువే ఉండిపోయాను, కంచె కోయించమని ఎవరికీ చెప్పలేదు. తిరిగి వెళ్ళేసరికి కంచె మొత్తం పూసి, ఎండి, విత్తనం రాల్చేసింది. తర్వాతి వానలకి మా చేనులో, పక్కవాళ్ళ చేనులో, వాన నీళ్ళు పోయే కాలవ పొడుగునా గుంపులు గుంపులుగా మొలకలు. పక్కాయన రెండు సీజన్లు నాతో సరిగ్గా మాట్లాడలేదు, తప్పు నాదే కాబట్టి కలుపు కూలి నేనే ఇచ్చుకున్నాను. విత్తనం తేలిక, గాలికి కొంత, నీటికి ఎక్కువ కొట్టుకుపోతుంది. దక్షిణాఫ్రికాలో దీన్ని చట్టప్రకారం హానికర కలుపు మొక్కల జాబితాలో పెట్టారు, అక్కడ పెంచడం, అమ్మడం కుదరదు. మున్నార్‌లో మీరు చూసి ముచ్చటపడింది కూడా ఎవరో ఎప్పుడో నాటి వదిలేసిందే, దాని కింద ఆ కొండ సొంత మొక్కలు ఏవీ కనపడలేదు కదా, గమనించారా?

కాబట్టి కోసే ఓపిక ఉంటేనే నాటండి. మీ వైపు వాన తక్కువ కాబట్టి పాకే భయం కొండ ప్రాంతాలంత ఉండదు, వేసవిలో నీళ్ళు పెట్టకపోతే మోడైపోతుంది, మళ్ళీ వానలకి లేస్తుంది. అయినా కాలవ గట్టు, వంక ఒడ్డు, చెరువు కట్ట మీద వద్దే వద్దు. ఇది చదివి అరకు, పాడేరు, లంబసింగి వైపు వాళ్ళెవరైనా కొమ్మలు పంపమని మిమ్మల్ని అడిగితే ఇవ్వకండి. ఆ చలి, ఆ వాన దీనికి సరిగ్గా సరిపోతాయి, కాఫీ తోటల్లోకీ అడవిలోకీ దిగితే ఆపడం ఎవరి తరం కాదు. వాళ్ళకి పసుపు పూలు కావాలంటే వలిసెలున్నాయి, నూనె కూడా వస్తుంది.

పది సెంట్లు కాకుండా ఇంటి మట్టుకు సెంటు మడి అయితే కంచె మొత్తం అక్కర్లేదు, మడి పక్కన ఇరవై ముప్పై మీటర్ల వరుస చాలు. మరీ లేత చివర్లు కాకుండా మొదలు వైపు కొంచెం గట్టిపడిన కాండం తీసుకుని జానెడు నుంచి మూరెడు లోపు ముక్కలు చేసి, కొంచెం ఏటవాలుగా రెండు కణుపులు మట్టిలో ఉండేలా గుచ్చండి. చెరుకు ముచ్చెల్లాగా అడ్డంగా పూడిస్తే సరిగ్గా మొలవదు. తల కింద, మొదలు పైన కాకుండా చూసుకోండి, నవ్వకండి, కూలీలతో చేయించినప్పుడు సగం తలకిందులే. అడుగున్నర దూరం సరిపోతుంది. నిలదొక్కుకున్నాక మోకాలి పైకి కోస్తూ ఉండాలి, మరీ నేలకి కోస్తే మూడు నాలుగు కోతలకే మొద్దు చచ్చిపోతుంది. ఏడాదికోసారి ఆ వరుస మొదట్లో కూడా నాలుగు గంపల పశువుల ఎరువు వేయండి, దాని నేలని మీరే ఖాళీ చేస్తున్నారు మరి. అక్టోబర్ వచ్చిందంటే మొగ్గ మీద కన్నేసి ఉంచండి, పగటి పొద్దు తగ్గేకొద్దీ పూతకి వస్తుంది. పూలు ఇష్టమైతే నాలుగు పొదలకి వదలండి, రేకలు వాడగానే తలలు తుంచి ఎండకముందే గుంటలో పూడ్చేయండి, పెంట మీద వేస్తే అక్కడే మొలుస్తాయి.

బకెట్లో ఉన్న ఆరింటిలో నాలుగు బతికినా వచ్చే ఏడాదికి మీ ఇరవై మీటర్లకి సరిపడా కొమ్మలు అవే ఇస్తాయి. నీళ్ళు రోజూ మార్చండి, వేళ్ళు వేలెడు పొడవయ్యాక ఎక్కువ రోజులు ఉంచకుండా మట్టిలోకి మార్చేయండి, అప్పుడు పువ్వు కింద కాడ ఫొటో ఒకటి తీసి పెట్టండి, నేను చెప్పిన మొక్కేనా కాదా చూసి చెప్తాను.